చిగురుమీద కాయ!

పంటి మొదట్లో చిన్న బుడిపె. నొప్పి లేదు. అందుకే పట్టించుకోం. నెల తిరిగేసరికి శనగగింజంత అవుతుంది. అప్పుడు భయం మొదలవుతుంది. క్యాన్సరేమో అని కొందరు హడలిపోతారు. వేడి చేసిందిలే అని కొందరు వదిలేస్తారు. ఇద్దరూ పొరబడే అవకాశం ఉంది. ఎందుకంటే చిగురుమీద వచ్చే కాయ ఏమిటో చూపుతో చెప్పడం కష్టం. చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అలవాటున్న అరకు కొండల్లో అది మరీ కష్టం!

అరకులోయలో సంత రోజు. తెల్లారకముందే కొండల మీది గూడేల నుంచి జనం దిగుతారు. అల్లం, పసుపు, చింతపండు, పిప్పళ్లు, కొండచీపుర్లు... నేలమీద కుప్పలు పోసి కూర్చుంటారు. ఆ వరసలో ఓ మామ్మ. నోరు మూసే ఉంటుంది. కానీ పెదాల సందులోంచి సన్నగా పొగ వస్తుంటుంది. నోట్లో చుట్ట ఉంది, నిప్పు మాత్రం కనిపించదు. ఎందుకంటే వెలిగించిన కొస లోపల ఉంది. అదే అడ్డపొగ. 'పైచిగురు దగ్గర ఏదో గరుకుగా తగులుతోంది' అంటుంది మామ్మ. నొప్పి లేదు కదా అని ఊరుకుంది.

ఆ పక్కనే కూరగాయలు బేరమాడుతున్న ఓ యువతికి ఆరో నెల. ముందుపళ్ల మధ్య ఎర్రటి కాయ లేచింది. పళ్లు తోముకుంటే చాలు, రక్తం కారుతోంది. ఇంకాస్త దూరంలో పన్నెండేళ్ల కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. మూర్ఛకు బిళ్లలు వాడుతున్నాడు. చిగుళ్లు ఉబ్బి పళ్లను సగానికిపైగా కప్పేశాయి.

ముగ్గురూ ఊహించుకున్నవాళ్లే. కానీ ఇలాంటి ముగ్గురు ఒకే సంతలో ఎదురుపడటం పెద్ద వింతేం కాదు. ముగ్గురికీ చిగుళ్ల దగ్గరే ఏదో పెరిగింది. కానీ ఒకరిది కాన్పు తర్వాత దానంతటదే తగ్గిపోవచ్చు. మరొకరిది మందు మారిస్తే తగ్గొచ్చు. ఇంకొకరిది మాత్రం రోజులు గడిచేకొద్దీ దవడ ఎముకలోకి దిగిపోవచ్చు. ఏది ఏదో తేల్చేదాకా ఎవరికీ నిశ్చింత లేదు.

అసలెందుకు పెరుగుతుంది?

చిగురు మెత్తగా కనిపిస్తుంది కానీ మహా మొండిది. అన్నం ముద్ద రాపిడి, వేడి, కారం, పందుంపుల్ల పోట్లు... అన్నీ తట్టుకుంటుంది. గాయమైతే చకచకా మాన్పుకుంటుంది. ఆ గుణమే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. పంటి మొదట్లో పాచి పేరుకుని గారగా గట్టిపడితే అది చిగురును రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది. విరిగిన పన్ను అంచు, సరిగా అమరని కట్టుడుపన్ను, పళ్ల సందులో ఇరుక్కున్న పీచు కూడా అంతే. శరీరం అక్కడ గాయమైందనుకుని మాన్పడానికి కొత్త కణాల్ని, రక్తనాళాల్ని పంపుతుంది. ఒరిపిడి ఆగదు, మరమ్మతూ ఆగదు. ఆ ఆగని మరమ్మతే చివరికి కాయగా లేస్తుంది.

ఇలాంటి కాయలన్నిటినీ కలిపి వైద్యులు 'ఎపులిస్' అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు 'చిగురుమీద ఉన్నది' అని అర్థం. అంటే అది ఉన్న చోటు చెప్పిందే తప్ప జబ్బు పేరు చెప్పలేదన్నమాట! ఆ ఒక్క మాట వెనక నాలుగైదు రకాలున్నాయి.

ఎర్రగా, మెత్తగా ఉండి ముట్టుకుంటే రక్తం కారేది పయోజెనిక్ గ్రాన్యులోమా. పేరునుబట్టి చూస్తే చీముగడ్డ అనుకుంటాం కానీ అందులో చీము ఉండదు. నిండా రక్తనాళాలే. కొన్ని వారాల్లోనే బఠాణీగింజంత అవుతుంది. చిగురు రంగులోనే ఉండి, గట్టిగా, నిదానంగా పెరిగేది ఫైబ్రోమా. టీనేజీ పిల్లల్లో, యువతుల్లో ఎక్కువగా ముందుపళ్ల దగ్గర వచ్చే మరో రకంలో ఎముకలాంటి రవ్వలు ఏర్పడతాయి. అది ఆసిఫైయింగ్ ఫైబ్రోమా. ఇక ముదురు ఎరుపు, నీలం కలిసిన రంగులో ఉండేది జెయింట్ సెల్ గ్రాన్యులోమా. ఇది ఒక్కోసారి కింది ఎముకను కొద్దిగా తినేస్తుంది. మళ్లీమళ్లీ వస్తుంటే రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను ఎంతున్నాయో కూడా చూస్తారు.

ఇవేవీ క్యాన్సర్లు కావు, క్యాన్సర్లుగా మారే రకాలూ కావు. చికిత్స కూడా తేలికే. ఆ చోట మత్తు సూది ఇచ్చి కాయను మొదలంటా తీస్తారు. పక్క పళ్ల గారను గీకేస్తారు. అరగంట పని. అయితే ఓ మెలిక ఉంది. పైకి కనిపించే కాయను మాత్రమే కోసి, కింద వేళ్లనీ, పంటిమీది గారనీ వదిలేస్తే అది మళ్లీ మొలుస్తుంది. కలుపుమొక్కను పైపైన తెంపినట్టే! బాగా చేసినా కొందరికి తిరగబెట్టవచ్చు. అందుకే కొన్ని నెలలకోసారి చూపించుకోమంటారు.

కాన్పుతో పోయే కాయ

సంతలోని యువతి సంగతికి వద్దాం. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు బాగా పెరుగుతాయి. వాటి ప్రభావంతో చిగుళ్లలోని రక్తనాళాలు ఉబ్బుతాయి. మామూలు రోజుల్లో పట్టనట్టుండే చిగురు అప్పుడు కాస్త పాచికే ఎర్రబడిపోతుంది. నాలుగో నెల దాటాక కొందరిలో ఓ కాయ లేస్తుంది. దీన్ని 'ప్రెగ్నెన్సీ ట్యూమర్' అంటారు. ట్యూమర్ అన్న మాట వినగానే ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోతారు. నిజానికి అదీ ఇందాక చెప్పుకున్న పయోజెనిక్ గ్రాన్యులోమానే. బిడ్డకు ఏమీ కాదు. చాలామందిలో కాన్పు తర్వాత కుంచించుకుపోతుంది. కాన్పయ్యాక కొన్ని నెలలకూ పోకపోతే అప్పుడు తీసేయొచ్చు.

మరి అప్పటిదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. 'కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదు' అనే మాట ఇంకా చాలా ఇళ్లలో వినిపిస్తుంటుంది. అది తప్పు. గార తీయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య అయితే ఇంకా అనువు. తినడానికి అడ్డమైనా, రక్తం ఆగకుండా కారుతున్నా అప్పుడే కాయను కూడా తీస్తారు.

కొండప్రాంతంలో ఈ రక్తం విషయం తేలిగ్గా తీసుకోకూడదు. మన్యంలో రక్తహీనతతో కాన్పుకు వచ్చే తల్లులు తక్కువేం కాదు. అసలే రక్తం అంతంతమాత్రం ఉన్న మనిషికి రోజూ కొద్దికొద్దిగా పోయేదీ లెక్కలోకి వస్తుంది. అందుకే నెలనెలా తూకం, బీపీ, హిమోగ్లోబిన్ చూసే ఏఎన్ఎంకి చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని ఒక్కమాట చెప్పాలి. అడగలేదని ఊరుకోకూడదు.

బిళ్ల ఆపేస్తే అసలుకే మోసం

ఇప్పుడు కుర్రాడి కథ. మూర్ఛకు ఫెనిటాయిన్ మందు 1938లో వాడకంలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1939లో, ఈ మందు వాడేవారిలో చిగుళ్లు పెరుగుతున్నాయని అమెరికా వైద్యుడు కింబల్ గుర్తించారు. దీర్ఘకాలం ఇది వాడేవారిలో దాదాపు సగంమందికి ఎంతో కొంత చిగుళ్లు పెరుగుతాయని అంచనా. పిల్లల్లో, యువకుల్లో ఎక్కువ. మొదట రెండు పళ్ల మధ్య ఉండే చిగురు మొన ఉబ్బుతుంది. అవన్నీ కలిసిపోయి మెల్లగా పన్ను మీదికి పాకుతాయి.

ఫెనిటాయిన్ ఒక్కటే కాదు. బీపీకి వాడే నిఫెడిపిన్, కొందరిలో అమ్లోడిపిన్ కూడా ఇదే పని చేస్తాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికిచ్చే సైక్లోస్పోరిన్‌దీ అదే దారి. చాలా ఇళ్లలో బీపీ బిళ్ల ఉంది. చిగుళ్లు ఉబ్బడానికీ ఆ బిళ్లకూ సంబంధం ఉండొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. అందుకే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ వెంట తీసుకెళ్లాలి.

అయితే ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. కారణం తెలియగానే 'ఓహో, ఈ బిళ్ల వల్లేనా' అని ఆపేస్తుంటారు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. గెడ్డ దాటుతున్నప్పుడో, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడో, పశువుల వెంట కొండ ఎక్కుతున్నప్పుడో ఫిట్ వస్తే... ఊహించండి. మందు మార్చాల్సింది రాసిచ్చిన వైద్యుడే. ఇప్పుడు చిగుళ్ల జోలికి రాని మూర్ఛ మందులు ఉన్నాయి. పాత బిళ్ల మోతాదు తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ నెమ్మదిగా మారుస్తారు. దాంతోపాటు గార తీసి, పాచి పట్టకుండా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే పెరిగిన చిగురును కత్తిరించి సరిచేస్తారు.

ఏ మందూ వాడకుండానే చిగుళ్లు పళ్లను మింగేసే జబ్బు మరొకటుంది. అది వంశపారంపర్యంగా వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు పాలపళ్లో, అసలు పళ్లో వచ్చే వయసులో మొదలవుతుంది. చాలా అరుదు. చిన్నప్పుడే పళ్లన్నీ ఊడిపోయాయని పొరబడే కుటుంబాలుంటాయి. నిజానికి పళ్లు ఎక్కడికీ పోవు. చిగురు కింద దాక్కుంటాయి!

చిగురు చెప్పే చాడీలు

ఒళ్లంతా ఉన్న జబ్బును ముందుగా చిగురే బయటపెట్టే సందర్భాలున్నాయి. కొన్ని రకాల రక్తక్యాన్సర్లలో తెల్లకణాలు చిగుళ్లలోకి వచ్చి చేరతాయి. కొద్దివారాల్లోనే చిగుళ్లన్నీ ఉబ్బి, వంకాయరంగుకు తిరిగి, తాకకుండానే రక్తం కారతాయి. జ్వరం, నీరసం, పాలిపోవడం, ఒంటిమీద నల్లటి మచ్చలు కూడా ఉంటాయి. మన్యంలో జ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియానే. పరీక్షలో మలేరియా లేదని తేలి, చిగుళ్లు ఇలా ఉంటే అదేరోజు రక్తకణాల లెక్క చూడాలి. ఇలాంటి చిగుళ్లను అలవాటుగా కత్తిరించబోతే రక్తం ఆగదు. కోసే ముందు ఎందుకు ఉబ్బాయో తెలియాలి అనేది ఇందుకే!

విటమిన్ సి బొత్తిగా అందనప్పుడు వచ్చే స్కర్వీలోనూ చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతాయి. ఒకప్పుడు నెలల తరబడి సముద్రంమీద తిరిగే నావికులు దీంతో వందల్లో చనిపోయేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు నారింజ, నిమ్మ పళ్లు తినిపిస్తే తగ్గుతోందని పరీక్షచేసి చూపించారు. మన కొండల్లో ఉసిరికాయ దొరుకుతుంది, జామకాయ దొరుకుతుంది. అవి తినేవారికి ఈ జబ్బు రాదు. పళ్లూ కూరలూ ముట్టకుండా ఒంటరిగా బతికే ముసలివాళ్లలో, మద్యానికి బానిసైనవారిలో మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంటుంది. సుగరు అదుపులో లేనివారికి చిగుళ్లలో చీముగడ్డలు మళ్లీమళ్లీ వస్తుంటాయి. క్షయ కూడా అరుదుగా చిగురుమీద పుండుగానో, కండగానో బయటపడుతుంది.

నోట్లో నిప్పు

ఇక మామ్మ. అడ్డపొగ మన ఉత్తరాంధ్రకు చాలా పాత అలవాటు. తీరంలోని పల్లెల నుంచి కొండల మీది గూడేల దాకా ఉంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఎందుకలా కాలుస్తారంటే తలో కారణం చెబుతారు. గాలికి చుట్ట ఆరిపోదు. ఒకే చుట్ట చాలాసేపు వస్తుంది. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చంకలో బిడ్డమీద నిప్పురవ్వ పడదు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. ప్రపంచంలో మరికొన్ని చోట్లా ఇది ఉంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో, ఫిలిప్పీన్స్‌లో, కొలంబియా, పనామా దేశాల్లో దీని గురించి వైద్యులు రాశారు.

మామూలు చుట్ట పొగ నోరంతా పరచుకుంటుంది. అడ్డపొగలో మాత్రం నిప్పు అంగిలికి కొద్దిదూరంలోనే మండుతుంటుంది. ఆ వేడి, పొగలోని విషాలు రెండూ కలిసి అక్కడే తగులుతాయి. నోటి పైకప్పుకూ, దాన్ని ఆనుకునే ఉండే పైచిగురుకూ అదే శిక్ష. ముందు అంగిలి తెల్లగా మందమవుతుంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. కొన్నిచోట్ల సహజమైన రంగు పోయి మచ్చలు పడతాయి. తర్వాత ఎర్రటి మరకలు, గరుకు బుడిపెలు, మానని పుండ్లు. అంగిలి గట్టిభాగంలో క్యాన్సరు ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. అడ్డపొగ తాగేచోట మాత్రం అరుదు కాదు.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది మన దగ్గరి నుంచే. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్లకు అడ్డపొగే కారణమని డాక్టర్ డి.జి.రెడ్డి, డాక్టర్ వి.కె.రావు 1957లో ఓ వైద్యపత్రికలో రాశారు. తర్వాత ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగింది. 10,169 మంది నోళ్లు తెరిపించి చూసింది. వారిలో నలభై శాతానికి పైగా అడ్డపొగ తాగేవారే! ఆ ఫలితాలు 1971లో వెలువడ్డాయి.

అంతటితో ఆగలేదు. శ్రీకాకుళంతోపాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేలమంది పొగాకు వాడకందార్లను ఎంచుకున్నారు. పొగాకు మానమని ఏళ్ల తరబడి నచ్చచెబుతూ, వాళ్ల నోళ్లను పరీక్షిస్తూ వచ్చారు. 1986లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. చెబితే జనం వింటారని, మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గాయని తేలింది. అంటే మామ్మకు ఈ వయసులో చెప్పినా లాభమే!

పన్ను కదిలిందని పీకిస్తే...

చిగురు క్యాన్సరుతో వచ్చిన చిక్కేమిటంటే అది మామూలు చిగుళ్ల జబ్బులాగే కనిపిస్తుంది. ఓ చోట చిగురు ఎర్రబడుతుంది. కాలీఫ్లవర్ పువ్వులా గరుకుగా కండ లేస్తుంది, లేదా పుండు పడుతుంది. పన్ను కదులుతుంది. 'వయసైంది, పన్ను ఊడే టైమొచ్చింది' అనుకుని పీకించేస్తారు. గాయం మానదు. ఆ గుంటలోంచే కండ పెరగడం మొదలవుతుంది. అప్పుడుగానీ అనుమానం రాదు. ఖైనీ, గుట్కా చిగురుకూ బుగ్గకూ మధ్య దాచుకునేవారికీ ఇదే ముప్పు.

చిగురు కింద వెంటనే ఎముకే. కాబట్టి జబ్బు ఎముకలోకి దిగడానికి ఎంతోకాలం పట్టదు. తొలిదశలో దొరికితే చిన్న ఆపరేషనుతో పోతుంది. ఆలస్యమైతే దవడ ముక్కనే తీయాలి. మెడలోని గడ్డలు తీయాలి. రేడియేషన్ ఇవ్వాలి. తీసిన దవడ స్థానంలో కాలి ఎముక ముక్కను అమర్చే శస్త్రచికిత్సలు వచ్చాయి. అంగిలి తీస్తే నోటికీ ముక్కుకూ మధ్య పడే రంధ్రాన్ని మూసే ప్రత్యేకమైన ప్లేటు కూడా చేసిస్తారు. కానీ వాటిదాకా రానివ్వకపోవడమే తెలివి. ఆలస్యం అమృతం విషం అన్నారు మరి.

ముక్క పరీక్ష... భయమెందుకు?

ఇన్ని రకాల్లో మనది ఏదో ఎలా తేలుతుంది? ముందు ప్రశ్నలు. ఎన్నాళ్లయింది, ఎంత వేగంగా పెరిగింది, ఏ మందులు వాడుతున్నారు, పొగాకు అలవాటుందా, కడుపుతో ఉన్నారా... తర్వాత చూపు. రంగు, అంచులు, పక్కపళ్లు కదులుతున్నాయా అన్నది. ఆ తర్వాత చేతివేలు. కాయ మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, కింది ఎముకకు అతుక్కుని ఉందా, మెడలో గడ్డలున్నాయా? అవసరమైతే ఎక్స్‌రే, రక్తపరీక్ష. వీటితో వైద్యుడికి ఓ అంచనా వస్తుంది. అది అంచనాయే. ఖాయంగా తేల్చేది బయాప్సీ. మన జనం మాటల్లో ముక్క పరీక్ష.

చిన్నకాయ అయితే మొత్తం తీసి పరీక్షకు పంపుతారు. పెద్దదైతే, క్యాన్సరేమోనన్న అనుమానం ఉంటే అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. దాన్ని ఫార్మలిన్ ద్రావణం ఉన్న సీసాలో వేసి, పేరు రాసి, ల్యాబుకు పంపుతారు. అక్కడ మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, రంగులు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది.

'కత్తి తగిలితే క్యాన్సరు ఒళ్లంతా పాకుతుంది' అనే భయం పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ ఉంది. నోటి కాయల నుంచి ముక్క తీస్తే జబ్బు పాకిపోదు. పరీక్ష వద్దని కూర్చున్న నెలల్లోనే పాకుతుంది. ఇంకో మాట. ఎక్కడ కాయ తీయించుకున్నా 'దీన్ని పరీక్షకు పంపుతున్నారా?' అని అడగండి. చిన్నదే కదా అని తీసి పారేస్తే అందులో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

కొండ దిగడమే కష్టం

ఇవన్నీ విశాఖలో ఉన్నవారికి ఒకటి రెండు రోజుల పని. అరకు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డుమీద వంద కిలోమీటర్ల పైమాటే. గూడెం నుంచి అరకుకు రావడమే ఓ ప్రయాణం. వెళ్లిన రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ముక్క తీశాక రిపోర్టుకు మళ్లీ రమ్మంటారు. కాఫీ పళ్లు కోసే రోజులైతే ఎవరు వెళ్తారు? ఫోన్ చేసి చెబుదామన్నా కొన్ని గూడేల్లో సిగ్నల్ అందదు. రిపోర్టు ఆసుపత్రి ఫైల్లో, రోగి కొండమీద... అలా ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే పరీక్షకు ముక్క ఇచ్చినప్పుడే తమ గూడెం, ఆశా కార్యకర్త పేరు, ఆమె ఫోన్ నంబరు రాయించడం మంచిది.

2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పాడేరులో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. తొలిచూపుకు పీహెచ్‌సీ, ఆ పైన అరకు, పాడేరు ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. పెద్ద పరీక్షలకు విశాఖలో కేజీహెచ్, దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. క్యాన్సరని తేలితే అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న పథకంలో క్యాన్సరు చికిత్సలున్నాయి. కార్డు వెంట ఉంచుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎవరో ఒకరు నోట్లోకి చూడటం. అదెంత పని చేస్తుందో కేరళ చూపించింది. 1996లో తిరువనంతపురం జిల్లాలో ఓ పెద్ద అధ్యయనం మొదలైంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, మంచి వెలుతురులో నోళ్లు చూశారు. అనుమానం ఉన్నవారిని వైద్యుల దగ్గరికి పంపారు. వాళ్లు వైద్యులు కారు, దంతవైద్యులూ కారు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటిక్యాన్సరు మరణాలు 34 శాతం తగ్గాయి! ఇప్పుడు దేశమంతటా 30 ఏళ్లు దాటినవారికి బీపీ, సుగరులతోపాటు నోటి పరీక్ష కూడా చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో భాగం. మన ఊరికి వచ్చిన ఏఎన్ఎం బీపీ చూసి లేవబోతుంటే 'నా నోరు కూడా చూడమ్మా' అని అడగొచ్చు. అది మన హక్కు.

అద్దం ముందు రెండు నిమిషాలు

నెలకోసారి, పళ్లు తోముకున్నాక, వెలుతురున్న చోట...

• పెదాలు పైకెత్తి పై చిగుళ్లు, కిందికి లాగి కింది చిగుళ్లు చూడండి. ఒకవైపు ఉన్నట్టే రెండోవైపూ ఉండాలి. తేడా ఉంటే గమనించండి.

• బుగ్గలు లాగి లోపలివైపు, నాలుక ఎత్తి అడుగు భాగం, నాలుక పక్కలు చూడండి.

• తల వెనక్కి వంచి అంగిలి చూడండి. అడ్డపొగ అలవాటున్నవారు దీన్ని మరవకూడదు. సొంతంగా కనిపించకపోతే ఇంట్లోవాళ్లను టార్చిలైటు వేసి చూడమనండి.

• శుభ్రంగా కడుక్కున్న వేలితో చిగుళ్లంతా తడమండి. గట్టిగా, గరుకుగా తగిలేవి ఉన్నాయేమో చూడండి.

• రెండు వారాలైనా తగ్గని కాయ, మానని పుండు, చెరగని తెల్ల లేదా ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, పీకించాక పూడని గుంట, మొద్దుబారిన పెదవి, మెడలో గడ్డ... వీటిలో ఏది ఉన్నా వైద్యుడికి చూపించాల్సిందే. నొప్పి లేదని ఆగొద్దు. తొలిదశలో క్యాన్సరు చాలామందికి నొప్పి పుట్టించదు.

• కాయకు దారం కట్టి తెంపడం, సూదితో గుచ్చడం, సున్నం రాయడం వద్దు. పసరు పూసి నెలలు గడపొద్దు. ఫిట్స్, బీపీ బిళ్లలు సొంతంగా ఆపొద్దు.

* * *

మళ్లీ సంత రోజు వస్తుంది. ఆ యువతికి కావల్సింది గార తీయించుకోవడం, కాన్పుదాకా కాస్త ఓపిక. కుర్రాడికి కావల్సింది మందు మార్చే వైద్యుడు. అప్పుడు వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతాడు. మామ్మకు కావల్సింది మాత్రం ఈ వారమే. ఆమె నోట్లోది ఉత్త బుడిపే కావొచ్చు, కాకపోవచ్చు. అది తెలుసుకోవడం మొదలుపెట్టడానికి పెద్దపెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఒక టార్చిలైటు, ఒక చేతితొడుగు, 'ఆ చుట్ట పక్కనపెట్టి ఓసారి నోరు తెరువు మామ్మా' అని అడిగే మనిషి ఒకరు చాలు.